ఉప్పుకోట జాడ తీసిన తరళ

మాంత్రికుడు కాపలా పెట్టిన ఇనుపముక్కు కొంగల గుంపు తల మీదుగా మరోసారి చుట్టు తిరిగి వెళ్ళేదాకా యువరాజు ధవళకీర్తి, తరళ గొంతు వరకు బురదనీళ్ళలో మునిగి ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు. వాళ్ళ పడవ బోర్లా పడి మడచెట్ల వేళ్ళ మధ్య పాత దుంగలా తేలుతోంది. రెక్కల చప్పుడు దూరమయ్యాక ముందు తరళే లేచింది. జుట్టులో చిక్కుకున్న నాచు తీసి పారేస్తూ, "ఇక లేవండి యువరాజా. అవి మనల్ని చూడలేదు," అంది.

"ఎలా చెప్పగలవు?"

"చూసి ఉంటే ఈపాటికి మనకి కళ్ళు ఉండేవి కావు."

ధవళకీర్తి నవ్వి పడవని తిరగేశాడు. ఇద్దరూ ఎక్కి తెడ్లు అందుకున్నారు.

వేలాపురి మహారాజు సోమధ్వజుణ్ణి మాంత్రికుడు క్షారముఖుడు తెల్లటి సుడిగాలిగా వచ్చి నిండు కొలువులోంచి ఎత్తుకుపోయాడు. సముద్రతీరాన పరుచుకున్న మహాచిత్తడిలో ఎక్కడో ఉప్పుతో కోట కట్టి, అది ఎవరి కంటికీ ఆనకుండా మాయ కప్పి, అందులో రాజుని బంధించాడు. దానికి కారణం ఉంది. ఆ చిత్తడికీ, రాజ్యానికంతటికీ తాగునీరిచ్చే మధురసరస్సుకీ నడుమ, రాజవంశపు మూలపురుషుడు కట్టించిన సముద్రద్వారం ఉంది. సముద్రపు పోటుని ఆపేది ఆ రాతి తలుపులే. సింహాసనమెక్కిన రాజు చెయ్యి పడితే తప్ప అవి కదలవు. పున్నమినాటి సాయంకాలం పోటెత్తే వేళకి వాటిని తెరిపించి, సరస్సునీ దాని కింద పండే వరిచేలనీ ఉప్పుకయ్యలు చేస్తానని, గుక్కెడు మంచినీళ్ళ కోసం ప్రజలంతా తన కాళ్ళ దగ్గర పడి ఉండేలా చేసుకుంటానని క్షారముఖుడు రాజధానిలో చాటించాడు. ఆ పున్నమి ఈ రోజే.

సైన్యాలు చిత్తడిని జల్లెడ పట్టి వట్టి చేతులతో తిరిగొచ్చాయి. అప్పుడు చిత్తడి సీమ దుర్గాధిపతి కూతురు తరళ నిండుసభలోకి నడిచి వచ్చి, "కోట కంటికి కనబడదు, సరే. కోట నిండా ఉప్పే కదా, అది నేలలోకి దిగకుండా ఉంటుందా? దిగిన ఉప్పు మొక్కల నోట్లో పడకుండా ఉంటుందా? మాయ మన కళ్ళకి గంతలు కట్టింది గాని మొక్కల వేళ్ళకి కట్టలేదు. నన్ను పంపండి," అంది. ఆ మాట విన్న మరుక్షణమే యువరాజు కత్తి నడుముకి కట్టుకుని ఆమె వెంట బయలుదేరాడు.

పడవ పాయలోకి తిరిగింది. అక్కడి అందం చూసి ధవళకీర్తి ఒక్క క్షణం తెడ్డు వెయ్యడం మరిచిపోయాడు. రెండు వైపులా ఉప్పుపొన్న చెట్లు నిచ్చెనల్లాంటి వేళ్ళ మీద నిలబడి, నీళ్ళలో తమ నీడల్ని తాము తొక్కుకుంటూ నడుస్తున్నట్టున్నాయి. వాటి వెనక వెండి పూత పూసినట్టున్న తెల్లమడలు. ఎండ కొమ్మల సందుల్లోంచి దిగి, నీటి మీద బంగారు నాణేలు విసిరి, మళ్ళీ ఏరుకుంటోంది. పచ్చల ముక్కల్లాంటి లకుముకి పిట్టలు నీళ్ళలోకి దూకి, చేపలతో పైకి లేస్తున్నాయి. రెల్లు, తుంగ, జమ్ము కలిసి గాలికి ఒక్కసారే వంగి, ఒక్కసారే లేస్తుంటే ఆకుపచ్చటి సముద్రం ఒకటి నేల మీదికొచ్చినట్టుంది.

"ఇంత పచ్చదనంలో ఉప్పు జాడ ఎక్కడ వెతుకుతావు తరళా? ఇక్కడ ఒక్క ఆకైనా వాడలేదు," అన్నాడు ధవళకీర్తి.

"వాడేదాకా ఆగితే మన పని అయిపోయినట్టే. వాడకముందే పట్టుకోవాలి." తరళ పడవని ఒడ్డుకి ఆనించి, ఎండ పడుతున్న చోట ఒక జమ్ము ఆకుని వంచింది. "మీ చెంప ఇటు ఆనించండి."

యువరాజు ఆనించాడు. మండుటెండలో ఉన్నా ఆకు కడిగిన రాయిలా చల్లగా తగిలింది.

తరళ పడవని కొంచెం ముందుకి నడిపించి, మరో జమ్ము ఆకుని వంచింది. చూపుకి రెండింటికీ తేడా లేదు. అదే పచ్చన, అదే నిగనిగ. కాని ఈ ఆకు చెంపకి జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా వేడిగా తగిలింది. ధవళకీర్తి నమ్మలేక రెండో చెంప కూడా ఆనించి చూశాడు.

"ఆకులకి కంటికి కనబడని నోళ్ళుంటాయి," అంది తరళ. "వాటిలోంచి తేమని వదులుతూ ఎండలో ఒళ్ళు చల్లబరచుకుంటాయి. వేళ్ళకి ఉప్పునీళ్ళు తగిలితే మొక్కకి ఎన్ని నీళ్ళున్నా దాహమే. ఉన్న తేమని దాచుకోడానికి నోళ్ళు మూసేస్తుంది. అప్పుడు ఒళ్ళు కాలుతుంది. రంగు మారేది ఆ తరవాత చాలా రోజులకి."

"మరి ఈ మడచెట్టుని అడగవేం? అదే దగ్గరగా ఉంది."

"అది ఉప్పులోనే పుట్టి పెరిగింది. ఎంత ఉప్పు తాగినా చెమటలా కక్కేస్తుంది." ఆమె ఒక తెల్లమడ ఆకు తిప్పి, దాని వెనక వైపు అంటుకున్న ఉప్పురవ్వలు చూపించింది. "దీనికి ఇది మామూలే. ఉప్పు అలవాటు లేనివాళ్ళనే అడగాలి. జమ్మునీ, రెల్లునీ."

ధవళకీర్తి చిన్నప్పటినుంచి గుర్రం అడుగుల చప్పుడు విని దాని వయసు చెప్పేవాళ్ళనీ, కత్తి మోత విని దాని ఉక్కు ఏ ఊరిదో చెప్పేవాళ్ళనీ చూశాడు. అయినా ఒక అడవి ఒంట్లో జ్వరాన్ని చెంపతో చూసే మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు. "ఇది నీకెవరు నేర్పారు?" అని అడిగాడు.

"మా అమ్మ. దుర్గం చుట్టూ కొత్తగా నాటిన ప్రతి మొక్కనీ పొద్దెక్కాక నిమిరి వచ్చేది. నా ఎడమ చెంప నల్లబడింది చూశారా, నేనూ ఊరికే తిరగలేదు," అంటూ తరళ గర్వంగా ముఖం తిప్పి చూపించింది.

పొద్దు నెత్తికెక్కుతోంది. ఆకుల్ని పరీక్షించడానికి అంతకంటే మంచి వేళ లేదు. చల్లటి ఆకుల్ని వదిలేస్తూ, వేడి ఆకులున్న వైపు తిరుగుతూ వాళ్ళు పాయ తరవాత పాయ దాటారు. కొంత దూరం పోయాక నీరు రెండుగా చీలింది. పడమటి పాయ ఒడ్డున రెల్లంతా గోధుమరంగుకి మాడి, కాల్చిన చొప్పలా నిలబడి ఉంది. తూర్పు పాయ పచ్చగా ఉంది.

"అదిగో, దొరికింది," అంటూ ధవళకీర్తి పడవని పడమటికి తిప్పాడు.

తరళ తెడ్డు అడ్డం పెట్టింది. "ఆగండి. ఈ చావు నాకు నచ్చలేదు." ఆమె మాడిన రెల్లు మొక్కని ఒకదాన్ని పట్టుకుని ఆకుల్ని ఒక్కొక్కటిగా చూసింది. తరవాత దాన్ని వేళ్ళతో సహా పీకి, వేరు కొరికి నమిలి, ఉమ్మేసింది. "వేరు తియ్యగా ఉంది. ఉప్పు కింద నుంచి వస్తే ముందు ముసలి ఆకులు, వాటిలోనూ ముందు కొనలు, తరవాత అంచులు మాడాలి. లేత చిగురు ఆఖర్న పోవాలి. ఇక్కడ చిగురూ, ముసలాకూ ఒకేలా కాలాయి, అదీ పైకి చూసే వైపే. ఎవరో పైనుంచి ఉప్పునీళ్ళు చల్లారు. మనలాంటివాళ్ళు వస్తారని క్షారముఖుడికి తెలుసు."

"అయితే ఇటు వెళ్తే ఏముంటుంది?"

"ఏముంటుందో గాని, మీ నాన్నగారు మాత్రం ఉండరు."

ఆమె ఆ మాట అంటుండగానే పడమటి పాయలో నీరు గుమ్మటంలా పైకి ఉబ్బింది. ఆ ఉబ్బులోంచి ఏనుగంత పీత ఒకటి లేచింది. దాని డొప్ప మీద నత్తగుల్లలు ఏళ్ళ తరబడి పేరుకుని కోటగోడలా ఉన్నాయి. కళ్ళు రెండూ ఈటెల చివర గుచ్చిన గుమ్మడికాయల్లా అటూ ఇటూ ఊగుతున్నాయి. అది కుడి డెక్క చాచి పడవని నడుముకి పట్టి, ఎండుపుల్లని విరిచినట్టు విరిచింది. ఇద్దరూ నీళ్ళలో పడ్డారు.

ధవళకీర్తి ఈదుతూనే కత్తి దూశాడు. డొప్ప మీద వేసిన దెబ్బ ఖణేలుమని వెనక్కి వచ్చి భుజం అదిరిపోయింది. పీత రెండో డెక్క ఎత్తింది. నీళ్ళలో దీన్ని గెలవలేనని తెలుసుకుని అతను ఒడ్డునున్న ఉప్పుపొన్నల వైపు ఈది, వాటి వేళ్ళ నిచ్చెనల మధ్య దూరాడు. పీత అతని వెంటే వచ్చి, వేళ్ళని తోసుకుంటూ, విరుస్తూ లోపలికి చొరబడింది. ఎంత లోపలికి వస్తే అంతగా డెక్కలు వేళ్ళ మధ్య ఇరుక్కున్నాయి. అప్పుడు తరళ వెనకనుంచి దోసిళ్ళతో నల్లటి బురద తీసి దాని కళ్ళ మీద కొట్టింది. పీత గుడ్డిదై గింజుకుంటుండగా ధవళకీర్తి వేరు పట్టుకుని పైకి ఎగబాకి, దాని వీపు మీదికి దూకి, డొప్పకీ పొట్టకీ మధ్య సందులో కత్తి పిడిదాకా దింపాడు. దాని నీలి నెత్తురుతో పాయంతా కాసేపు నీలంగా మారింది. తరవాత అల సద్దుమణిగింది.

"గాయమైందా?" అడిగింది తరళ.

"నాకు కాలేదు. పడవకే అయింది," అన్నాడతను. విరిగిన చెక్కల్లోంచి, పడవకి కట్టి ఉంచిన మూలికల మూట ఒక్కటి తేలుతూ వస్తే తరళ దాన్ని అందుకుంది.

తూర్పు పాయ ఒడ్డంట బురదలో మోకాళ్ళ లోతు నడుస్తూ వాళ్ళు ముందుకి సాగారు. జమ్ము ఆకులు అంతకంతకూ వేడెక్కుతున్నాయి. కొనలు కొద్దికొద్దిగా పసుపు తిరుగుతున్నాయి. ఒక మలుపు దగ్గర తరళ చటుక్కున యువరాజు భుజం పట్టుకుని వంచింది. పాయకి అడ్డంగా దుంగలతో కట్టిన తెప్ప మీద మాంత్రికుడి భటులు కాపలా ఉన్నారు. తప్పించుకుపోయే దారి లేదు.

తరళ మూలికల మూట విప్పి, అందులోని భస్మం జుట్టుకి పట్టించి, నడుము వంచేసరికి ఎనభై ఏళ్ళ ముసలమ్మ అయింది. మడబెరడు నలిపి ఆ ఎర్రటి రసం యువరాజు ముఖానికి పూసి, కత్తిని ఆకుల మోపులో దాచి, మోపు అతని నెత్తిన పెట్టింది. "మీరు చెవిటి మూగ. ఏం జరిగినా వినబడదు," అంది.

తెప్ప మీది భటులు బల్లేలు ఎత్తారు. వాళ్ళ నాయకుడు ఉద్దండుడు చుట్టకుదురు మీద కూర్చుని, కాళ్ళు ముందుకి చాపుకుని ఉన్నాడు. పాదాలు రెండూ పగిలి, పుండ్లు పడి ఉన్నాయి.

"ఎవరే నువ్వు? ఇటెందుకొచ్చావు?"

"మందులమ్మేదాన్ని నాయనా. వేరుమొక్కల కోసం వచ్చాను. వీడు నా పనివాడు, చెవులూ లేవు, నోరూ లేదు." తరళ అతని పాదాల వైపు చూసి నాలుక చప్పరించింది. "ఈ పుండ్లు ఈ నీళ్ళవల్లే కదూ?"

"ఈ మధ్య నీళ్ళు మరీ మండుతున్నాయి. మంచినీళ్ళతో కడుక్కుందామంటే తాగడానికే లేవు. పైనుంచి పడవలో రావాలి, ఆ పడవ రెండు రోజుల్నుంచి రాలేదు," అన్నాడు ఉద్దండుడు. అని, మాట్లాడుతూనే పక్కనున్న భటుడికి కన్ను గీటాడు. ఆ భటుడు ధవళకీర్తి వెనక్కి పోయి రాగి బిందె ఎత్తి దుంగల మీద దబ్బున వేశాడు. యువరాజు రెప్ప కూడా వెయ్యకుండా ఎదురుగా ఎగిరే తూనీగని చూస్తూ నిలబడ్డాడు. "నీ కాళ్ళ దగ్గర పాము," అన్నాడు భటుడు మెల్లగా. యువరాజు తూనీగని చూసి నవ్వాడు.

ఉద్దండుడికి నమ్మకం కుదిరింది. తరళ ఆముదంలో ఆకులు నూరి అతని పాదాలకి పట్టు వేసింది. మంట చల్లారేసరికి అతని ముఖం విప్పారింది.

"ఇది పూటకే నాయనా. పూర్తిగా మానాలంటే ఎర్ర ఇలకూర మొలిచే నేలలో ఒక వేరుంటుంది, అది కావాలి. నాకో దోనె ఇప్పిస్తే తెచ్చి పెడతాను."

"ఎర్ర ఇలకూర ఆ తూర్పు మైదానంలోనే ఉంది. అటు ఎవరినీ పోనివ్వొద్దని స్వామి ఆజ్ఞ. ఆయన ఊళ్ళో లేనప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి."

"సరే, అయితే పట్టు విప్పేసి నా దారిన నేను పోతాను," అంటూ తరళ చెయ్యి చాపింది.

ఉద్దండుడు పాదాల వైపు చూసుకున్నాడు. తూర్పు వైపు చూశాడు. మళ్ళీ పాదాల వైపు చూసుకున్నాడు. "ఆ చిన్న దోనె తీసుకో. తొందరగా వచ్చెయ్యి," అన్నాడు.

మలుపు తిరిగాక ధవళకీర్తి మోపు దించి, "నాకు నోరు లేకపోవడం మంచిదైంది. ఉంటే నవ్వేసేవాణ్ణి," అన్నాడు.

తరళ అప్పటికే నడుము నిటారు చేసి లేచింది. దోనె ముక్కున నిలబడి ముందుకి చూస్తోంది. జమ్ము అయిపోయింది. రెల్లు అయిపోయింది. ఎదురుగా విశాలమైన మైదానంలో నేలని అంటుకుని పెరిగే ఇలకూర తప్ప మరేదీ లేదు. ఆ ఇలకూర సగం దాకా మామూలుగా పచ్చగా ఉండి, అక్కడినుంచి గులాబీ రంగుకి, తరవాత కుంకుమ రంగుకి, చివరికి గడ్డకట్టిన నెత్తురు రంగుకి తిరిగింది. దాని అవతల మొక్క లేదు. తెల్లగా పెచ్చులూడిన నేల, పైన వట్టి ఆకాశం.

"చూడండి యువరాజా," అంది ఆమె నెమ్మదిగా. "ఎరుపు ఎక్కడ మొదలై ఎటు తిరుగుతోందో చూడండి."

ధవళకీర్తి చూశాడు. ఆ ఎరుపు విల్లులా వంగి, మైదానమంతా చుట్టి, తిరిగి మొదటి చోటికే వచ్చింది. నేల మీద ఎవరో కుంకుమతో పెద్ద ముగ్గుచుట్టు గీసినట్టుంది. సైన్యాలు ఆ చుట్టు పక్కనించే నడిచి వెళ్ళాయి. రాజ్యంలో ఎవరూ చూడలేని కోటకి నోరు లేని మొక్కలు సరిహద్దు గీసిపెట్టాయి, దాన్ని చదవగలిగిన మనిషి అతని పక్కన నిలబడి ఉంది. అతను తరళకి చేతులు జోడించాడు.

"ఇంకా లోపలికి పోలేదు మనం," అంది తరళ. కాని ఆమె ముఖం సంతోషంతో వెలిగింది.

ధవళకీర్తి బురదముద్ద తీసి విసిరాడు. అది గాలిలో కొంత దూరం పోయి, గోడకి పిడక కొట్టినట్టు చటుక్కున అతుక్కుని, నేలకి దిగకుండా అక్కడే నిలిచింది. ఇద్దరూ పరుగెత్తి చేతులు చాచారు. కనబడని గోడ గరుగ్గా, చల్లగా చేతికి తగిలింది. యువరాజు కత్తి ఎత్తి బలంకొద్దీ కొట్టాడు. ఉప్పుముక్కలు రాలాయి. కాని చూస్తుండగానే నేలలోంచి తడి పైకి పాకి, దెబ్బ పడినచోట మళ్ళీ గడ్డకట్టుకుంది. ద్వారం కోసం తడుముకుంటూ చుట్టూ తిరిగారు. ఎక్కడా పగులు లేదు. పొద్దు పడమటికి వాలింది. దూరాన సముద్రం పోటు ముందు చేసే గురక మొదలైంది.

ధవళకీర్తి పిచ్చిగా మళ్ళీ మళ్ళీ గోడని కొడుతున్నాడు. తరళ మాత్రం గోడని వదిలేసి, వంగి, నేలని చూసుకుంటూ నడుస్తోంది. ఉత్తరపు వైపు ఒకచోట ఆమె మోకాళ్ళ మీద కూలబడింది.

"యువరాజా, ఇటు రండి."

ఆ చచ్చిన తెల్లనేల మీద సన్నటి పచ్చగీత ఒకటి గోడ వైపు సాగిపోయింది. నాలుగు వేళ్ళ వెడల్పున లేత జమ్ము పిలకలు వరసగా మొలిచాయి. తరళ ఒక పిలకని చెంపకి ఆనించింది. కళ్ళు మూసుకుంది.

"చల్లగా ఉంది," అంది. "ఇంత ఉప్పు మధ్య ఇది చల్లగా ఉందంటే దీని వేళ్ళకి మంచినీళ్ళు అందుతున్నాయి. కింద నీటిగొట్టం ఉండాలి, అతుకుల దగ్గర కారుతూ ఉండాలి. అది కోటలోకి పోతోంది. ఎవరి కోసం చెప్పండి. భటులకి నీళ్ళు పడవలో వస్తున్నాయి. క్షారముఖుడు మంచినీళ్ళు ముట్టడు, తగిలితే వాడి ఒళ్ళు పుండవుతుందని లోకమంతా చెప్పుకుంటుంది. లోపల నీళ్ళు తాగే మనిషి ఇంకెవరున్నారు?"

ధవళకీర్తి కత్తి కింద పడేశాడు. తండ్రిని ఎత్తుకుపోయిన నాటినుంచి అతను ఎవరి ముందూ కంటతడి పెట్టలేదు. ఇప్పుడు ఆ పిలకల పక్కన కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మరుక్షణం లేచి, అవే చేతులతో నేల తవ్వడం మొదలుపెట్టాడు.

మోచేతి లోతున కాల్చిన మట్టిగొట్టం తగిలింది. గోడ మొదట్లో దాన్ని కత్తి పిడితో పగలగొట్టగానే నీళ్ళు చిమ్ముకుంటూ లేచి గోడ పాదాన్ని తాకాయి. సలసలమని చప్పుడైంది. ఉప్పు కరగసాగింది. కరిగినచోట మాయ కూడా కరిగింది. ముందు మోకాలెత్తు తెల్లటి గోడ గాలిలోంచి పుట్టినట్టు కనబడింది. తరవాత బురుజులు, బురుజుల మీద స్ఫటికాల్లా మెరిసే శిఖరాలు, వాటిని కలుపుతూ పాలనురుగుతో నేసినట్టున్న వంతెనలు ఒకదాని తరవాత ఒకటి ఆకాశంలో వెలిశాయి. పడమటి పొద్దు వాటి మీద పడి కోటంతా నిప్పుల కొండలా మండింది. చేసినవాడు దుర్మార్గుడైనా ఆ అందాన్ని ఇద్దరూ క్షణం సేపు తలలెత్తి చూశారు. వెనక తెప్ప మీద కొమ్ము ఊదారు. ఉద్దండుడి భటులు కోటని చూశారు.

గోడలో మనిషి పట్టేంత సందు పడగానే ధవళకీర్తి లోపలికి దూకాడు. వెలుతురు వడగట్టి వచ్చే తెల్లటి గదిలో మహారాజు సోమధ్వజుడు నడుము వరకు ఉప్పులో పాతిపెట్టబడి, తల వాల్చి ఉన్నాడు. పక్కనే గొట్టం చివర ఒక మట్టిమూకుడు. గడ్డం పెరిగి, పెదవులు పగిలి, మనిషి సగమయ్యాడు. కొడుకు పిలుపు విని కళ్ళు తెరిచి, "ధవళా, కలలోకి రావడం మానవా నాయనా," అన్నాడు.

"కల కాదు నాన్నగారూ. నేనే." యువరాజు మూకుడుతో నీళ్ళు తెచ్చి పోస్తూ, కత్తితో పెళ్ళగిస్తూ తండ్రిని పైకి లాగాడు. అప్పుడు చూశాడు, రాజు కుడిచెయ్యి మణికట్టు దాకా చర్మం లేచి ఎర్రగా ఉంది.

"ఇది చూసి బాధపడకు. నన్ను విడిపించి ఏం లాభం, అది విను," అన్నాడు రాజు. "తలుపులు తెరవనని మొండికేశాను. ఈ ఉదయం వాడు నా చెయ్యిని మరిగే ఉప్పులో ముంచి అచ్చు తీశాడు. ఆ ఉప్పుచెయ్యి పట్టుకుని సముద్రద్వారానికి వెళ్ళాడు. ఇక వాడికి నాతో పని లేదు."

గోడ సందులోంచి తరళ లోపలికి వంగి ఆ మాటలు విన్నది. రాజుకి నమస్కరించి, "మహారాజా, అచ్చు ఉప్పుదే కదా?" అని అడిగింది.

"ఉప్పుదే. ఎవరమ్మా నువ్వు?"

"ఈ కోట జాడ తీసినదాన్ని. మిగతాది తరవాత చెప్తాను." ఆమె అప్పటికే మూటలో ఉన్న రెండు సొరకాయ బుర్రల్లోని మందులు ఒలకబోసి, గొట్టం నీళ్ళు పట్టి బిగించింది. "గోడని కరిగించిన నీళ్ళే ఇవి. చెయ్యిని కరిగించకపోతాయా? అది ఆ తలుపుల మీద పడేలోపు మనం చేరితే చాలు."

భటుల పడవలు మైదానం అంచుకి వచ్చేశాయి. ముగ్గురూ పరుగున వెళ్ళి దోనెలోకి దూకారు. ధవళకీర్తి తెడ్డు అందుకోబోతే, ఇన్నాళ్ళూ ఉప్పులో కూరుకుపోయిన సోమధ్వజుడు ఎడమచేత్తో రెండో తెడ్డు లాక్కుని వెనక చోట కూర్చున్నాడు. "దారి చెప్పమ్మా," అన్నాడు తరళతో. "ఈ దోనెకి నువ్వే నాయకురాలివి."

తరళ ముక్కున నిలబడి చెయ్యి చాపింది. బాణాలు నీళ్ళలో చప్పున పడుతున్నాయి. ఆమె పాయలు ఎంచుకుంటూ, ఇరుకు సందుల్లోంచి, వంగిన కొమ్మల కిందుగా దోనెని నడిపించింది. భటుల పెద్ద పడవలు పొన్నల వేళ్ళలో ఇరుక్కుని వెనకబడ్డాయి. పోటునీళ్ళు వీళ్ళ వెంటే నురగలు కక్కుతూ పరుగెత్తి వస్తున్నాయి.

ఆఖరి మలుపు తిరిగేసరికి సముద్రద్వారం కొండలా ఎదురుగా నిలబడింది. దాని మెట్ల మీద తెల్లటి జడలు గాలికి ఎగురుతుండగా క్షారముఖుడు నిలబడి ఉన్నాడు. అతను వెనక్కి తిరిగి దోనెనీ, దోనెలో ఉన్న రాజునీ చూశాడు. తరవాత తొందరేమీ లేనట్టు నవ్వి, వేళ్ళు చాచిన ఉప్పుచెయ్యిని రాతి తలుపు మీద పెట్టాడు. తలుపు కింద నీళ్ళు ఉలిక్కిపడ్డట్టు కదిలాయి.